దసలి చిమ్మట, బంగారు పురుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి వానలు పడ్డాక మన అడవుల్లో రెండు పురుగులు దాదాపు ఒకేసారి బయటికి వస్తాయి. ఒకటి మద్దిచెట్టు కొమ్మకు వేలాడే గట్టి గూటిని తడిపి తెరుచుకుని వస్తుంది. రెండోది తుమ్మచెట్ల కింద మట్టిని తవ్వుకుంటూ పైకి వస్తుంది. మొదటిది దసలి పట్టును ఇచ్చే చిమ్మట. రెండోది చిన్నప్పుడు మనలో చాలామంది అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరిగిన బంగారు పురుగు. ఈ రెండిటి గురించి పిల్లలు, టీచర్లు, అడవికి వెళ్లొచ్చిన స్నేహితులు నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇన్ని పురుగులుండగా ఈ రెండిటినే ఎందుకు పోల్చడం?

రెండూ మనవే కాబట్టి. చిమ్మట, పెంకుపురుగు అనగానే పుస్తకాల్లో ఎక్కడెక్కడి బొమ్మలో వేస్తారు. మన పక్కనే ఉన్నవాటిని వదిలేస్తారు. దసలి పురుగు మంచిర్యాల జిల్లా చెన్నూరు, కోటపల్లి వైపు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. బంగారు పురుగు ఎవరికీ జీతం ఇవ్వదు గానీ, పల్లెలో పెరిగినవాళ్లను దాని గురించి అడిగి చూడండి, కళ్లు మెరుస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. కీటకాల్లో అతి పెద్ద వర్గం పెంకుపురుగులది. శాస్త్రవేత్తలు పేరు పెట్టినవే సుమారు 4 లక్షల జాతులు. చిమ్మటలు, సీతాకోకచిలుకలు కలిసిన వర్గంలో సుమారు 1,60,000 జాతులున్నాయి. బతికి బట్టకట్టడం అనే ఒకే సమస్యను ఈ రెండు వర్గాలు ఎంత వేరువేరుగా పరిష్కరించుకున్నాయో చూడటానికి ఈ జంట చక్కగా సరిపోతుంది.

చిమ్మట అంటే రాత్రిపూట కీచుమని అరిచేది కదా?

కొన్ని ఊళ్లలో కీచురాయినే చిమ్మట అంటారు. ఇంకొన్ని చోట్ల దీపం చుట్టూ తిరిగేదాన్ని, బీరువాలో బట్టలు కొరికేదాన్ని చిమ్మట అంటారు. ఇక్కడ నేను వాడేది ఈ రెండో అర్థంలోనే. దసలి చిమ్మటను చూసినవాళ్లు చాలామంది దాన్ని సీతాకోకచిలుక అనే పిలుస్తారు, అందులో పెద్ద తప్పేమీ లేదు. రెండూ దగ్గరి చుట్టాలే. చిమ్మటల్లో ఎక్కువ జాతులు రాత్రి తిరుగుతాయి, ఒళ్లు బొద్దుగా నూగుతో ఉంటుంది. సీతాకోకచిలుక మీసం చివర చిన్న గుండులా ఉబ్బి ఉంటుంది. దసలి చిమ్మట మీసం మాత్రం ఈకలా విచ్చుకుని ఉంటుంది.

పెంకుపురుగు మాట దగ్గర ఇలాంటి తికమక లేదు. వీపు మీద పెంకు ఉంటుంది కాబట్టి పెంకుపురుగు. ఇంతకంటే మంచి పేరు పెట్టలేం.

ఆరుద్ర పురుగు కూడా పెంకుపురుగేనా?

కాదు. ఆరుద్ర కార్తెలో ఎర్రని మఖమల్ గుడ్డ ముక్కలా నేల మీద నడిచే ఆ చిన్న ప్రాణి అసలు కీటకమే కాదు. దానికి ఎనిమిది కాళ్లు. సాలీడు, తేలు ఉన్న వర్గానికి చెందింది. బంగారు పురుగుకీ దసలి చిమ్మటకీ ఆరేసి కాళ్లు. ముగ్గురూ వానతోనే కనబడతారు కాబట్టి మన జ్ఞాపకాల్లో కలిసిపోయారు.

రెండూ పక్కపక్కన ఉంటే తేడా ఎలా చెప్పాలి?

రెక్కలు చూడండి చాలు. దసలి చిమ్మట నాలుగు రెక్కలూ పరుచుకుని కూర్చుంటుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు జానెడు ఉండొచ్చు. ఒక్కో రెక్క మీద ఒక్కో గుండ్రని కన్ను, ఆ కన్ను మధ్యలో అద్దం లాంటి పలుచని పొర. రెక్కను వెలుగుకు ఎదురుగా పెడితే ఆ పొర గుండా అవతలిది కనబడుతుంది. రెక్క మిగతా భాగమంతా సన్నని పొలుసులే. వేలితో తాకితే పొడిలా అంటుకుంటుంది. ఆ పొడి పోతే రంగు కూడా పోతుంది. అందుకే రెక్కలు పట్టుకోవద్దని పిల్లలకు మరీ మరీ చెబుతుంటాను.

బంగారు పురుగుకూ నాలుగు రెక్కలే. అయితే పై రెండూ గట్టిపడి పెంకులయ్యాయి. ఎగరడానికి పనికొచ్చే పలుచని రెక్కలు వాటి కింద మడత పెట్టి ఉంటాయి. మొత్తం పురుగు మన బొటనవేలంత, అంటే నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ. కింద పడినా, ముల్లు గీసుకున్నా ఆ పెంకుకు ఏమీ కాదు.

మనవైపు బంగారు పురుగుల్లో ఒకటి కంటే ఎక్కువ జాతులున్నాయి. ఒళ్లంతా ఆకుపచ్చగా మెరిసేది ఒకటి. తల, మెడ ఆకుపచ్చగా ఉండి వీపు పెంకులు మాత్రం చింతగింజ రంగులో ఉండేది ఇంకొకటి. రెండూ స్టెర్నోసెరా అనే ప్రజాతిలోవే.

బంగారు పురుగు రంగు చచ్చిపోయాక కూడా ఎందుకు పోదు?

నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే, నాకు ఎక్కువ ఇష్టమైన ప్రశ్న కూడా.

బట్టకు అద్దకం వేసినట్టు ఆ పెంకుకు రంగు వేసి లేదు. పెంకు పైభాగంలో కంటికి కనబడనంత పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వెలుగు పడగానే ఒక్కో పొర నుంచి కొంత కొంత వెనక్కి వస్తుంది. అలా వచ్చిన వెలుగులు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణిగిపోతాయి. సబ్బు బుడగ మీద, వాననీళ్లలో తేలే పెట్రోలు మరక మీద రంగులు కనబడేదీ ఇలాగే. పెంకును చేతిలో అటూ ఇటూ తిప్పితే ఆకుపచ్చ కాస్తా నీలంలోకి, రాగి రంగులోకి జారుతుంది. అద్దకం రంగు ఎండకు వెలుస్తుంది. ఇక్కడ వెలవడానికి అద్దకమే లేదు. పొరలు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం మెరుపు కూడా ఉంటుంది.

జపాన్‌లో హోర్యూజి అనే బౌద్ధాలయంలో 7వ శతాబ్దం నాటి చిన్న మందిరం ఒకటుంది. మన బంగారు పురుగు కుటుంబానికే చెందిన ఓ పురుగు రెక్కలతో దాన్ని అలంకరించారు. ఆ పురుగు పేరు మీదే దాన్ని తమాముషి మందిరం అంటారు.

దసలి చిమ్మట సంగతి వేరు. దాని రెక్కల గోధుమ, ఇటుక, పసుపు రంగులు పొలుసుల్లోని రంగు పదార్థం వల్ల వచ్చినవి.

అంత మెరిస్తే పిట్టలకు దొరికిపోదా?

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు వాడింది మన స్టెర్నోసెరా ప్రజాతిలోని పురుగు పెంకులనే. వాటి కింద పిట్టలు ఇష్టపడే పురుగులను ఎరగా పెట్టి ఆకుల మీద ఉంచారు. పక్కనే మెరుపు లేని ఒకే రంగు పెంకులను కూడా పెట్టారు. మెరిసే పెంకులనే పిట్టలు తక్కువగా ఎత్తుకెళ్లాయి. మనుషులకు కూడా అవి వెతికితే అంత తేలిగ్గా దొరకలేదు. చూసే కోణం మారిన కొద్దీ రంగు మారుతుంటే కంటికి ఆకారం పట్టుబడదు. వాన వెలిశాక నిగనిగలాడే ఆకుల మధ్య ఆ మెరుపు ఇంకో నీటిబొట్టు మెరుపులా కలిసిపోతుంది.

తుమ్మకొమ్మ కింద నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది. పైన నాలుగు పురుగులున్నా మొదట ఒక్కటీ కనబడదు. కొరికిన ఆకుల తునకలు రాలడం చూశాకే అవి ఎక్కడున్నాయో పట్టుకోగలం.

దసలి పురుగు దారి ఇంకోటి. చిమ్మట రెక్కల మీది కన్నులు ఎదుటి ప్రాణిని ఒక క్షణం బెదరగొడతాయి. గొంగళి దశలో అయితే అది మద్దాకు రంగులో కలిసిపోతుంది.

పుట్టుక నుంచి చివరి దాకా వీటి జీవితాలు ఒకేలా ఉంటాయా?

దశలు ఒకటే: గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు. జీవితాలు మాత్రం బొత్తిగా వేరు.

దసలి చిమ్మట గుడ్లు పెడితే వారం పది రోజుల్లో పిల్లలు వస్తాయి. చీమంత ఉన్న ఆ పిల్ల నాలుగుసార్లు ఒళ్లు విడుస్తుంది. ఆకు తినడం, నిద్రపోయినట్టు ఆగిపోవడం, పాత చర్మం వదలడం, మళ్లీ తినడం, ఇదే దాని పని. అలా నెల నుంచి నెలన్నర గడిచేసరికి మన మధ్యవేలి కంటే పొడవుగా, లావుగా తయారవుతుంది. ఒళ్లు లేత ఆకుపచ్చ, పక్కల్లో వెండి చుక్కల్లాంటి మచ్చలు. మద్దికొమ్మకు తలకిందులుగా వేలాడి ఆకును అంచు నుంచి వరసగా కొరుకుతుంటే, దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ కరకర వినబడుతుంది. ఒక చెట్టు మీద వందల పురుగులుంటే సన్నని చినుకులు పడుతున్నట్టే ఉంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడు నేను మాట్లాడటం ఆపేస్తాను.

బంగారు పురుగు బాల్యం ఎవరి కంటా పడదు. తల్లి నేల దగ్గర గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు మట్టిలోకి దిగి వేర్లు తింటూ పెరుగుతుంది. తెల్లగా మెత్తగా ఉండే ఆ పురుగును ఎవరైనా చూస్తే ఇదా అంత అందమైన పురుగయ్యేది అనుకుంటారు. భూమిలో ఏడాది, అంతకంటే ఎక్కువ కాలం కూడా గడుపుతుంది. మనం బంగారు పురుగు అని పిలిచేది దాని జీవితంలో చివరి కొన్ని వారాలను మాత్రమే.

అంటే దసలి పురుగును మనం చిన్నప్పటి నుంచి చూస్తాం, పెద్దయ్యాక చూడం. బంగారు పురుగు విషయంలో ఇది పూర్తిగా తిరగబడుతుంది.

దసలి చిమ్మట ఏం తింటుంది?

ఏమీ తినదు. దానికి పనిచేసే నోరే లేదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న ఆకుల బలంతోనే వారం అటూ ఇటూ బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లో జత కలవాలి, గుడ్లు పెట్టాలి, అంతే.

గొంగళి దశలో దానికి ముఖ్యమైన మేత నల్లమద్ది, తెల్లమద్ది. జార్ఖండ్, ఒడిశా వైపు సాలవృక్షం మీద కూడా పెరుగుతుంది. బంగారు పురుగు పెద్దయ్యాక కూడా గట్టి దవడలతో ఆకులు తింటూనే ఉంటుంది. తుమ్మ జాతి చెట్లంటే దానికి ప్రాణం.

దసలి గూడు ఎలా కడుతుంది? అంత గట్టి గూట్లోంచి ఎలా బయటికి వస్తుంది?

ముందు జాగ్రత్త ఎంతో చూడండి. గూడు కట్టేముందు పురుగు కొమ్మ చుట్టూ పట్టుదారంతో ఒక ఉంగరం చుడుతుంది. ఆ ఉంగరం నుంచి కిందికి గట్టి కాడ దించుతుంది. ఆకులను దగ్గరకు లాగి మరుగు చేసుకుని, అప్పుడు ఆ కాడ చివర గూడు అల్లడం మొదలుపెడుతుంది. అల్లడానికి కొన్ని రోజులు పడుతుంది. పూర్తయిన గూడు పావురం గుడ్డంత ఉంటుంది, ఎండాక గింజలా గట్టిగా తయారవుతుంది. ఆకులు రాలిపోయినా గూడు రాలదు. చలికాలంలో మోడైన మద్దికొమ్మకు బూడిద రంగు కాయల్లా వేలాడుతుంటాయి. పట్టుకాయలు అన్న మాట ఊరికే పుట్టలేదు.

లోపల ప్యూపా చలికాలం, ఎండాకాలం కదలకుండా నిద్రపోతుంది. గాలిలో తేమ పెరిగి వానలు దగ్గరపడ్డాక మేలుకుంటుంది. నోరు పనిచేయదన్నాను కదా, తినడానికి మాత్రమే పనిచేయదు. బయటికి వచ్చే వేళకు నోటి దగ్గర నుంచి ఒక ద్రవం కారుతుంది. అందులో కొకూనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దారాలను అంటించి ఉంచిన జిగురును అది కరిగిస్తుంది. కాడ వైపు గూడు మెత్తబడి తడిసినట్టు కనబడుతుంది. కాసేపటికి దారాలు పక్కకు జరిగి ముందు తల, తరవాత కాళ్లు వస్తాయి. దారాలు తెగవు, జరుగుతాయి.

ఎక్కువగా సాయంత్రం పొద్దుగూకే వేళ వస్తుంది. అప్పుడు చూస్తే జాలేస్తుంది. ఒళ్లంతా తడి, రెక్కలు పిండేసిన గుడ్డల్లా ముడుచుకుని ఉంటాయి. ఏదో ఒక ఆధారం పట్టుకుని వేలాడుతుంది. శరీరంలోని ద్రవం రెక్కల నరాల్లోకి ఎక్కుతున్న కొద్దీ ఆ ముడతలు విప్పుకుంటాయి. ఆ సమయంలో కదిలిస్తే రెక్క వంకరగా ఆరిపోతుంది, ఇక ఎప్పటికీ ఎగరలేదు. చీకటి పడేసరికి కన్నులతో సహా రెక్కలు పూర్తిగా విచ్చుకుంటాయి.

మామూలు పట్టుపురుగు, దసలి పట్టుపురుగు ఒకటేనా?

కాదు. మల్బరీ ఆకు తినే పట్టుపురుగు వేల ఏళ్లుగా మనిషి చేతుల్లో పెరిగి ఇంటి జంతువైపోయింది. దాని చిమ్మటకు రెక్కలున్నా సరిగా ఎగరలేదు. దసలి ఇప్పటికీ అడవి పురుగే. చెట్టు మీదే, ఎండావానల్లోనే పెరగాలి. దారం తెల్లగా ఉండదు, తేనె రంగులోనో రాగి రంగులోనో సహజంగానే మెరుస్తుంది.

మల్బరీ, దసలి, ఎరి, ముగా, ఈ నాలుగు రకాల పట్టూ తీసే దేశం మనది. దసలి ఎక్కువగా వచ్చేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి. దీని పరిశోధనకు రాంచీలో కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది.

రైతులు చెట్టు మీద వదిలేసి వెళ్లిపోతారా?

అలా వదిలితే గూళ్లు మిగలవు. కాకులు, ఇతర పిట్టలు, ఉడతలు, చీమలు, కందిరీగలు, గొల్లభామలు, ఒకటా రెండా! ఊజీ ఈగ పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పోతుంది. ఈగ పిల్ల లోపలికి దూరి పురుగును తినేస్తుంది. పసుపు రంగు కందిరీగ ఒకటి గూటిని గుచ్చి లోపలే గుడ్డు పెడుతుంది. అందుకే పంట కాలమంతా రైతు కుటుంబం మద్దిచెట్ల మధ్యే కాపలా ఉంటుంది. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి పక్క చెట్టు మీద పెడతారు. పురుగును చేత్తో లాగరు. అది కొమ్మను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, లాగితే కాళ్లు తెగుతాయి.

కంటికి కనబడని శత్రువు పెబ్రిన్ రోగం. ఇది తల్లి నుంచి గుడ్డుకు వస్తుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ పట్టు పరిశ్రమ ఈ రోగంతో కుదేలైనప్పుడు లూయీ పాశ్చర్ దీని మీద పనిచేశారు. గుడ్లు పెట్టిన తల్లిని మైక్రోస్కోపు కింద పరీక్షించి, రోగం లేని తల్లి గుడ్లనే ఉంచుకోవాలన్నది ఆయన చూపిన దారి. ఇప్పటికీ విత్తన కేంద్రాల్లో చేసేది అదే. రైతుకు అందే రోగం లేని గుడ్ల ప్యాకెట్ వెనక ఇంత కథ ఉంది.

బంగారు పురుగుకు ఇలా కాపలా కాసేవాళ్లు ఎవరూ లేరు. కొమ్మ కాస్త కదిలితే చాలు, కాళ్లు ముడుచుకుని గింజలా రాలి గడ్డిలో పడిపోతుంది. కాసేపు చచ్చినట్టు పడి ఉంటుంది. దానికి తెలిసిన రక్షణ అదీ, ఆ పెంకూ.

పట్టు కోసం పురుగును చంపుతారా?

దారం తెగకుండా తీయాలంటే అవును, లోపలి ప్యూపాను వేడితో చంపి గూళ్లను ఉడికిస్తారు. దీన్ని దాచాల్సిన పనిలేదు. విత్తనం కోసం ఉంచిన గూళ్ల నుంచి మాత్రం చిమ్మటలు బతికే బయటికి వస్తాయి. ఆ ఖాళీ గూళ్లను, గూటి కాడలను పారేయరు, వాటి నుంచి నూలు వడుకుతారు. అలా వడికిన దారం కొంచెం గరుకుగా, గణుపులు గణుపులుగా ఉంటుంది. అహింసా పట్టు పేరుతో అమ్మే బట్టల్లో ఇలా ఖాళీ గూళ్ల నుంచి తీసిన దారాన్నే వాడతారు. నాకైతే ఆ గరుకే ఇష్టం.

బంగారు పురుగు రెక్కలతో బట్టలు కుట్టేవారంటే నిజమేనా?

నిజమే. 19వ శతాబ్దంలో మద్రాసు లాంటి చోట్ల పలుచని మస్లిన్ మీద ఈ పెంకులను ముక్కలుగా కోసి, జరీతో కలిపి కుట్టేవారు. అవి బ్రిటిష్ దొరసానుల గౌన్లుగా ఓడలెక్కి వెళ్లేవి. 1888లో లండన్‌లో నటి ఎల్లెన్ టెర్రీ లేడీ మెక్‌బెత్ వేషానికి వేసుకున్న ఆకుపచ్చ గౌను మీద సుమారు వెయ్యి పెంకులున్నాయి. ఆ గౌనును ఇప్పటికీ భద్రపరిచారు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయ్ కర్జన్ భార్య వేసుకున్న నెమలి గౌనులో ప్రతి ఈక కన్నులోనూ ఈ పెంకే మెరిసింది.

ఒకదాని నుంచి దారం, ఇంకోదాని నుంచి మెరుపు. రెండూ బట్ట మీదికే చేరాయి.

ఆడ, మగ ఎలా గుర్తుపట్టాలి?

దసలిలో తేలిక. మగది చిన్నగా, ఎక్కువగా ఇటుక రంగులో ఉంటుంది. మీసాలు వెడల్పాటి ఈకల్లా విచ్చుకుని ఉంటాయి. ఆడది పెద్దది, పసుపు లేదా బూడిద ఛాయ, గుడ్లతో నిండిన లావుపాటి పొట్ట. ఆడది ఒకచోట కూర్చుని వాసన వదులుతుంది. మగది ఆ ఈకల మీసాలతోనే ఆ వాసనను చీకట్లో దూరం నుంచి పసిగట్టి వస్తుంది. బంగారు పురుగులో చూసి చెప్పడం అంత సులువు కాదు.

బంగారు పురుగు కుటుంబం వెతుకులాట ఎక్కువగా కంటితోనే. ఆ కన్ను ఎంత మోసపోగలదో ఆస్ట్రేలియాలో బయటపడింది. ఈ కుటుంబానికే చెందిన ఒక పురుగులో మగవి రోడ్డు పక్కన పారేసిన గోధుమ రంగు బీరు సీసాలను ఆడపురుగులనుకుని వాటినే అంటిపెట్టుకుని ఉండటాన్ని 1983లో ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. మెరుపు, రంగు, సీసా అడుగున ఉండే చిన్న బుడిపెలు, అన్నీ ఆడపురుగు వీపులానే ఉన్నాయి పాపం. ఎండలో ఆ సీసాల మీదే చచ్చిపోయేవి. అడవిలో సీసా పారేసేవాళ్లను చూస్తే నాకు వెంటనే ఇదే గుర్తుకొస్తుంది.

లైటు దగ్గరికి చిమ్మటలు ఎందుకు వస్తాయి?

వెలుగంటే ఇష్టమై కాదు. రాత్రి ఎగిరే కీటకాలకు పైన ఆకాశం, కింద నేల అన్న లెక్క వెలుగును బట్టే తెలుస్తుంది. వెలుగు వైపు వీపు ఉంచి ఎగురుతాయి. పక్కన బల్బు ఉంటే వీపు దాని వైపు తిప్పుకుంటాయి, దాంతో దారి వంగిపోయి దాని చుట్టూనే తిరుగుతాయి. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో అతి వేగంగా తీసే కెమెరాలతో ఈ విషయాన్ని చూపించారు. దసలి చిమ్మటకు బతికేది వారమే. అందులో ఒక రాత్రి వీధిలైటు చుట్టూ తిరిగితే ఎంత నష్టమో ఆలోచించండి. అడవి పక్క ఇళ్లలో వానాకాలం రాత్రుళ్లు వరండా లైటు ఆర్పేస్తే మంచిది. బంగారు పురుగు పగటి ఎండలో తిరిగేది, దానికి ఈ బాధ లేదు.

కుడతాయా? విషమా? దద్దుర్లు వస్తాయా?

లేదు, లేదు, రావు. దసలి గొంగళి ఒంటి మీద వెంట్రుకలు తక్కువ, దురద పుట్టించవు. అలాగని కనబడిన ప్రతి గొంగళినీ ముట్టుకోవద్దు. బొంతపురుగులు వేరు, వాటితో ఒళ్లంతా మంట. బంగారు పురుగు దవడల మధ్య వేలు పెడితే చిన్నగా కొరకవచ్చు, అంతే.

చెట్లకు నష్టమా?

మద్దిచెట్టు ఆకంతా తిన్నా మళ్లీ చిగురేస్తుంది. రైతులు దాన్ని కొట్టి పొదలా పెంచేది లేత ఆకు కోసమే. బంగారు పురుగులు తుమ్మాకు తింటే చెట్టు చచ్చిపోదు. వీటికి మందు కొట్టాల్సిన పని ఎప్పుడూ రాదు.

పిల్లలు బంగారు పురుగును అగ్గిపెట్టెలో పెంచుకోవచ్చా?

నేను పెంచాను. ఎనిమిదేళ్లప్పుడు తుమ్మాకు వేసి, పెట్టెకు సూదితో కన్నాలు పొడిచి, రాత్రి దిండు కింద పెట్టుకునేదాన్ని. మూడో రోజు పెట్టె తెరిస్తే ఆకుల మధ్య చిన్న గింజల్లా గుడ్లున్నాయి. సంతోషంతో వీధంతా చూపించాను. నాలుగో రోజుకు పురుగు చచ్చిపోయింది. ఆ గుడ్లు పిల్లలవుతాయని రోజూ చూశాను, ఏమీ కాలేదు. వాటికి కావలసింది మట్టి, వేర్లు అని ఎవరూ చెప్పలేదు. తరవాత చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను.

అందుకే ఇప్పుడు మా ఇంటి పిల్లలకు చెప్పేది ఒకటే. పట్టుకోండి, అరచేతిలో పెట్టుకుని రంగులు మారడం చూడండి, కాళ్ల గరుకు తెలుసుకోండి. తరవాత ఏ చెట్టు మీద దొరికిందో అదే చెట్టు మీద వదలండి. వేరే చెట్టు మీద కాదు. దాని గుడ్లు పడాల్సిన నేల ఆ చెట్టు కిందే ఉంది.

మా ఊళ్లో ఇప్పుడు బంగారు పురుగులు కనబడటం లేదు. ఎందుకు?

చాలామంది ఇదే అంటున్నారు. పైన చెప్పిన జీవితం గుర్తు చేసుకుంటే కారణం ఊహించడం కష్టం కాదు. దానికి రెండు కావాలి: తలమీద తుమ్మ, కాళ్లకింద ఏడాది పాటు ఎవరూ కదిలించని మట్టి. పొలం గట్ల మీద తుమ్మలు కొట్టేశాం. బీడు భూములను జేసీబీతో చదును చేసి ప్లాట్లు వేశాం. ఒక్కసారి నేలను తిరగేస్తే లోపల పెరుగుతున్న పిల్లపురుగులన్నీ బయటపడి పోతాయి. చెట్టు మళ్లీ నాటినా పురుగు తనంతట తాను రాదు, పక్కన ఎక్కడో మిగిలి ఉంటేనే వస్తుంది. ఊరి చివర నాలుగు ముళ్లచెట్లున్న పనికిరాని జాగా అని మనం అనుకునేదే దానికి అడవి. అలాంటి జాగా ఒకటి మీ ఊళ్లో మిగిలి ఉంటే, పంచాయతీలో దాన్ని చదును చేద్దామనే మాట వచ్చినప్పుడు దయచేసి ఒక్కసారి నోరు తెరవండి.

వీటిని ఎప్పుడు, ఎక్కడ చూడొచ్చు?

బంగారు పురుగు కోసం జులై నుంచి వానాకాలం అంతా, వాన వెలిసి ఎండ కాసిన పూట, తుమ్మపొదల దగ్గర. చల్లటి ఉదయం అయితే మగతగా కొమ్మను పట్టుకుని ఉంటుంది, ఎండెక్కితే ఎగిరిపోతుంది. దసలి గొంగళుల కోసం వానాకాలంలో మద్దిచెట్లు. గూళ్ల కోసం ఆకు రాలిన చలికాలమే మంచిది. పెంపకం జరిగే చోటికి వెళ్తే రైతును అడిగే లోపలికి వెళ్లండి. చేతులకు సెంటు, దోమల మందు రాసుకుని పురుగులున్న కొమ్మలు ముట్టుకోవద్దు.

అడవిలో దసలి గూడు దొరికింది. ఇంటికి తెచ్చుకోవచ్చా?

ముందు చెవి దగ్గర పెట్టి మెల్లగా కదిపి చూడండి. కాడ వైపు కన్నం ఉండి, తేలిగ్గా ఉంటే చిమ్మట వెళ్లిపోయినట్టే. పెంపకం చెట్టు మీదిది కాకపోతే ఆ ఖాళీ గూడు పిల్లలకు చూపించడానికి తెచ్చుకోండి. బరువుగా ఉండి లోపల ఏదో కదిలినట్టు ఉంటే నిద్రపోతున్న ప్యూపా ఉన్నట్టు. కొమ్మ నుంచి విరవకండి. తొలకరి దాకా అది అక్కడే వేలాడాలి.

ఎవరో అప్పటికే తెంపి మీ చేతిలో పెట్టారనుకోండి, మద్దిచెట్టున్న చోట, కాడ పైకి వచ్చేలా నీడలో దారంతో కట్టి వేలాడదీయండి. చీమలు ఎక్కకుండా చూసుకోండి. మొదటి వానలు పడ్డాక సాయంత్రాలు ఒకసారి వెళ్లి చూస్తుండండి. కాడ పక్కన తడి మచ్చ కనబడిన రోజు టార్చి వేయకుండా కొంచెం దూరంగా కూర్చోండి.